యాస చెప్పేది ఊరినే, వంశాన్ని కాదు

తమిళనాడులో కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. బడిలో తమిళం, సంతలో తమిళం, దస్తావేజుల్లో తమిళం. గడప లోపల మాత్రం తెలుగు. ఆ కుటుంబాల్లోంచి వచ్చిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ నవల రాసి, తెలుగు నేల విడిచి దక్షిణానికి వెళ్లినవాళ్ల జ్ఞాపకాలను కథగా మలిచారు. దాని తరువాయి నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. పెద్దలు చెప్పుకున్న కథలైతే ఉన్నాయి గానీ, ఏ ఊరి నుంచి, ఏ ఏట బయలుదేరారో చెప్పే కాగితం అలాంటి ఇళ్లలో చాలావాటికి లేదు. వాళ్లకు మిగిలిన ఆధారాల్లో రోజూ వాడుకలో ఉన్నది నోటి మాటే. ఆ మాట పట్టుకుని పూర్వీకుల సీమ చేరుకోగలమా? చాలావరకు చేరుకోగలమనే నా నమ్మకం. అయితే మాట చెప్పేది కుటుంబం ఎక్కడ బతికింది, ఎప్పుడు కదిలింది, ఏ దారిన వచ్చింది అన్నంతవరకే. ఎవరి రక్తం, ఏ వంశం అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. ఈ రెంటినీ కలిపేసినప్పుడల్లా యాస ఆధారంగా కాక అవమానంగా మారింది.

తెలుగు మాటలకు ఊళ్ల వారీగా పటం గీయవచ్చని చూపించింది భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన సంపాదకత్వంలో 1962లో వెలువడిన ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం రైతుల నోటి నుంచి సేద్యం మాటలను జిల్లాల వారీగా సేకరించి పెట్టింది. పొలం దున్నే పనిముట్టును ఎక్కువచోట్ల నాగలి అంటే, రాయలసీమలో మడక అంటారు, గుంటూరు వైపు అరక అంటారు. ఇలాంటి మాటల హద్దులు గీస్తూ పోతే అవి కొన్నిచోట్ల గుంపుగా ఒకే దారిలో నడుస్తాయి. అలా తేలినవే ఉత్తరాంధ్ర, మధ్య కోస్తా, రాయలసీమ-నెల్లూరు, తెలంగాణ అనే నాలుగు మాండలిక ప్రాంతాలు. ఏంటి, ఏంది, ఏటి అన్న ఒక్క ప్రశ్నే మనిషి ఏ వైపువాడో సూచనగా చెబుతుంది. చుట్టరికపు పిలుపులు ఇంకా గట్టి సాక్ష్యం. నాయనమ్మను జేజి అని పిలిచే ఇంటి మూలాలు సీమ వైపు వెతకాలి. తండ్రిని బాపు అనీ, ఆయన తల్లిని బాపమ్మ అనీ పిలిచే ఇంటివి తెలంగాణ వైపు వెతకాలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అప్ప అంటే అక్క. మిగతా చోట్ల అదే మాట మగవాళ్లకు గౌరవంగానో, తండ్రికి పిలుపుగానో వినిపిస్తుంది. వేరే సీమలో స్థిరపడ్డ ఒక ఇంట్లో అక్కను అప్ప అని పిలుస్తుంటే, ఆ పిలుపు గాలికి వచ్చి చేరింది కాదు. ఎవరో ఒక తల్లి తన పుట్టింటి నుంచి తెచ్చింది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. రెండుచోట్ల ఒకే మాట వినబడగానే రెండు కుటుంబాలూ ఒకే ఊరివని తీర్పు చెప్పేస్తారు. చిత్తూరులో ‘వచ్చినాడు’ అంటారు. తమిళనాడు తెలుగు ఇళ్లలో చాలాచోట్ల కూడా ‘వచ్చినాడు’ అంటారు. కాబట్టి వీళ్లు అక్కడివాళ్లే అనిపించడం సహజం. కానీ సీమకు ఎక్కడో దూరాన ఉన్న శ్రీకాకుళంలోనూ ‘వచ్చినాడు’ వినిపిస్తుంది. ఆ రెండు జిల్లాలవాళ్లూ దగ్గరి చుట్టాలని ఎవరూ అనరు కదా. అసలు సంగతి ఏమిటంటే ‘వచ్చినాడు’ పాత రూపం. మధ్య కోస్తాలో అది కుదించుకుపోయి ‘వచ్చాడు’ అయింది, తెలంగాణలో మరో దారి పట్టి ‘వచ్చిండు’ అయింది. మార్పు తగలని అంచుల్లో పాతది పాతదిగానే నిలిచింది. పాత రూపాన్ని ఎవరైనా నిలుపుకోవచ్చు. నిలుపుకున్నవాళ్లంతా ఒక చోటివాళ్లు కానక్కర్లేదు. వాండ్లు అన్న మాటా అంతే. పాత శాసనాల్లోని వాండ్రుకు అది దగ్గరి రూపం, అందులోంచే వాళ్లు వచ్చింది. ఒక వలస కుటుంబం వాండ్లు అంటోందంటే, ఆ మార్పు అందని చోట ఉందనో, అందకముందే కదిలిందనో చెప్పవచ్చు తప్ప, ఫలానా తాలూకా అని వేలు పెట్టి చూపలేం.

ఊరిని వెతకాలంటే పాత మాటల కంటే కొత్తగా పుట్టిన మాటలు ఎక్కువ పనికొస్తాయి. ‘ఉన్నాడు, ఉన్నది’ అనేవి పాత రూపాలు. చిత్తూరు వైపున ‘ఉండు’ను మూలంగా పెట్టుకుని ‘ఉండాడు, ఉండాది’ అని కొత్తగా కట్టుకున్నారు. దాన్ని ఆనుకున్న తమిళనాడు తెలుగు పల్లెల్లోనూ ఇదే వినిపిస్తుంది. పాతదాన్ని నిలుపుకోవడం వేర్వేరుగా ఎన్నిచోట్లైనా జరుగుతుంది గానీ, ఒకే కొత్త మార్పు రెండుచోట్ల విడివిడిగా పుట్టడం అరుదు. అందుకే ‘ఉండాది’ అనే ఇంటికి దక్షిణపు తెలుగుతో సంబంధం ఉందని కాస్త ధైర్యంగా చెప్పవచ్చు. అలాగే ఏ పరాయి రాష్ట్రంలోనైనా ఒక తెలుగు కుటుంబం ‘వచ్చిండు, పోయిండు’ అంటుంటే తెలంగాణ వైపు చూడటంలో తప్పు లేదు. ఒక్క మాటతో మాత్రం ఎప్పుడూ తేల్చకూడదు. క్రియల ముగింపులు, చుట్టరికపు పిలుపులు, పొలం మాటలు మూడూ ఒకే వైపు చూపినప్పుడే అది సాక్ష్యం అవుతుంది.

మరి ఇన్ని తరాలు మాట ఎలా నిలిచింది? పిల్లలు ఇంట్లోకంటే వీధిలో ఎక్కువ నేర్చుకుంటారని, తల్లిదండ్రుల యాస వాళ్లకు అంటదని భాషాశాస్త్రవేత్తలే అంటారు. ఇది తేలిగ్గా తీసేయదగ్గ అభ్యంతరం కాదు, పట్నాల్లో రోజూ కనిపించే నిజం. కానీ దీనికి ఒక హద్దు ఉంది. అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గరున్న కింగ్ ఆఫ్ ప్రష్యా అనే ఊళ్లో, బయటి రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల పిల్లలను ఆర్విల్లా పెయిన్ పరిశీలించి 1980లో ఫలితాలు ప్రచురించారు. ఆ ప్రాంతపు ఇంగ్లిష్‌లో మ్యాడ్, బ్యాడ్, గ్లాడ్ మాటల్లో అచ్చు ఒక రకంగా పలుకుతుంది, స్యాడ్‌లో ఇంకో రకంగా పలుకుతుంది. ఏ మాటకు ఏదో సూత్రంతో చెప్పలేం. తేలికైన స్థానిక ఉచ్చారణలన్నీ పిల్లలు ఇట్టే పట్టేశారు. ఈ చిక్కు ఒక్కటి మాత్రం, అక్కడే పెరిగినా, తల్లిదండ్రులు కూడా అక్కడివాళ్లయితే తప్ప పూర్తిగా పట్టుబడలేదు. అంటే వీధి చాలా నేర్పుతుంది కానీ అంతా నేర్పదు. అట్టడుగు పొర ఇంట్లోనే పడుతుంది. తమిళనాడులోని తెలుగు ఇళ్లకు మరో బలం తోడైంది. మదురై నాయక రాజ్యం 1529 నుంచి 1736 వరకు, తంజావూరు నాయక రాజ్యం 1532 నుంచి 1673 వరకు సాగాయి. ఆ కాలంలో వెళ్లినవాళ్లు మేనరికాలు చేసుకున్నారు, తమవాళ్లలోనే పిల్లనిచ్చి పుచ్చుకున్నారు. కోడలుగా వచ్చే పిల్ల కూడా అదే మాట మాట్లాడే ఇంటి నుంచే వస్తే, చంటిబిడ్డ చెవిన పడే మొదటి మాట మారదు. వాళ్ల తెలుగు నిలవడానికి రాజుల ఆదరణ కంటే ఈ పెళ్లి సంబంధాలే పెద్ద కారణమని నేననుకుంటాను. నాయక రాజులు పోయి దాదాపు మూడు శతాబ్దాలు కావస్తున్నా ఆ తెలుగు వినిపిస్తూనే ఉంది.

ఎక్కడివాళ్లో చెప్పడమే కాదు, ఏ దారిన వచ్చారో చెప్పడంలోనూ మాటకు మంచి చరిత్ర ఉంది. ఐరోపాలోని రోమా ప్రజలు ఎక్కడి నుంచి వచ్చారో శతాబ్దాల తరబడి ఎవరికీ తెలియలేదు. ఈజిప్టువాళ్లని కూడా అనుకున్నారు. 1780ల మొదట్లో జర్మన్ పండితులు రూడిగర్, గ్రెల్‌మన్ వాళ్ల భాషను మన ఉత్తరాది భాషలతో పోల్చి భారతదేశమే పుట్టిల్లని చూపారు. ఆ భాషలో పొరలు పొరలుగా పారశీక, ఆర్మేనియన్, గ్రీకు మాటలున్నాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది అంకెలు గ్రీకువే. అంటే గ్రీకు మాట్లాడే నేల మీద వాళ్లు చాలాకాలం ఆగారు. 2012లో ఐరోపా అంతటి నుంచి తీసుకున్న జన్యు నమూనాలు పరిశీలించినవాళ్లు, సుమారు పదిహేను వందల ఏళ్ల కిందట వాయవ్య భారతం నుంచి వాళ్ల ప్రయాణం మొదలైందని తేల్చారు. రెండు శతాబ్దాల ముందే మాట చెప్పిన సంగతిని రక్తపరీక్ష ధ్రువపరిచిందన్నమాట. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ మదురై పట్టునేత పనివాళ్లైన సౌరాష్ట్రులు. వాళ్ల భాష గుజరాతీకి బంధువు, కానీ అందులో మరాఠీ, తెలుగు, కన్నడ, తమిళ మాటలు దండిగా ఉన్నాయి. గుజరాత్ నుంచి దక్కను మీదుగా, విజయనగర సీమలో నిలిచి, మదురై చేరిన దారి ఆ పదకోశంలోనే కనిపిస్తుంది. మన తండాల్లో లంబాడీలు మాట్లాడే గోర్ బోలీ కూడా రాజస్థానీ, గుజరాతీలకు చుట్టం. చుట్టూ తెలుగు ఉన్నా అంకెలు వాళ్లవి వాళ్లకే ఉన్నాయి.

కాలాన్ని పట్టించే మాటలు వేరు. వేరుశనగ అమెరికా ఖండపు పంట; మన మెట్ట పొలాల్లో విరివిగా పండింది పందొమ్మిదో శతాబ్దం నుంచే. అప్పటికే మాండలికాలు వేరుపడి ఉన్నాయి కాబట్టి ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. తెలంగాణలో పల్లీలు, కర్నూలు వైపు బుడ్డలు, చిత్తూరు, కడపల్లో చెనక్కాయలు. నాయక రాజుల కాలంలో కదిలిన కుటుంబం ఈ మాటను వెంట తీసుకుపోయే వీలు లేదు. పల్లీ అన్న మాట ఒక ఇంట్లో ఉంటే అది ఇటీవలి నివాసానికి గుర్తు, ప్రాచీన మూలానికి కాదు. తెలంగాణలో దవాఖాన, కోస్తాలో ఆసుపత్రి కూడా ఇలాంటివే. ఉత్తర సర్కారులు పద్దెనిమిదో శతాబ్దంలోనే, సీమ జిల్లాలు 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. తెలంగాణ మాత్రం 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉంది. పాలకుల భాష మారినచోటల్లా కచేరీ మాట, వైద్యం మాట మారాయి. ఇవి పైపొర మాటలు, తేలిగ్గా అంటుకుంటాయి, తేలిగ్గా ఊడిపోతాయి. అమ్మను, అక్కను పిలిచే పిలుపు అంత తేలిగ్గా మారదు. సాక్ష్యంగా రెంటికీ ఒకే విలువ ఇవ్వకూడదు.

ఇక సముద్రం దాటినవాళ్ల సంగతి. ఇక్కడ మాటను పూర్తిగా నమ్మలేం, ఎందుకంటే కూలీలుగా వెళ్లిన తోటల్లో ఎన్నో సీమలవాళ్లు ఒకేచోట బతికారు. దక్షిణాఫ్రికాలో భోజ్‌పురిని పరిశీలించిన రాజేంద్ మెస్త్రీ, బీహార్, ఉత్తరప్రదేశ్ జిల్లాల మాటలన్నీ కలిసి అక్కడొక కొత్త భోజ్‌పురి తయారైందని చూపించారు. అలా కలిసిపోయిన భాష మొత్తం సమాజం గురించి చెబుతుంది గానీ, ఒక్కో కుటుంబం గురించి చెప్పడం తగ్గిపోతుంది. మారిషస్‌లో, బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలు అనడం కూడా ఇలాంటి చిక్కే. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కినందుకు ఆ పేరు వచ్చింది, అంతేగాని అందరూ కోరంగివాళ్లని కాదు. అయినా ఆనవాళ్లు పూర్తిగా చెరిగిపోలేదు. మారిషస్ తెలుగువాళ్లు నేటికీ చేసుకునేది అమ్మోరు పండుగ. అమ్మవారు అన్న మాట కోస్తా పల్లెల్లో ఎలా పలుకుతుందో అలాగే ఆ పండుగ పేరులో నిలిచింది. రోజువారీ భాష పోయినా పూజలో, పాటలో, తిట్టులో ఉచ్చారణ మిగులుతుంది. పైగా దక్షిణాఫ్రికా వెళ్లినవాళ్లకు మరో ఆధారముంది. 1860 నుంచి 1911 వరకు నేటాల్‌కు వెళ్లిన 1,52,184 మంది కూలీల పేర్లు, ఊళ్లు, జిల్లాలు ఓడ పట్టికల్లో రాసుకున్నారు. అక్కడ మాటను కాగితంతో సరిచూడవచ్చు. కోవిల్‌పట్టి ఇంటికి ఆ వీలు లేదు. శ్రీలంకలో పాములాడిస్తూ తిరుగుతూ, తమలో తాము తెలుగు మాట్లాడుకునే అహికుంటికలకు అసలే లేదు.

మరో అభ్యంతరం ఇంతకంటే లోతైనది. ఉచ్చారణలో మనం ప్రాంతమని అనుకునేది చాలాసార్లు చదువుకు, తరగతికి సంబంధించింది. చెప్పును సెప్పు అనడం, నీళ్లను నీల్లు అనడం, వత్తులు పలకకపోవడం ఒక్క జిల్లాకు పరిమితం కావు. బడి దక్కని కుటుంబాల్లో ఎన్నో ప్రాంతాల్లో వినిపిస్తాయి. వాటిని విని ఒక మనిషి ఊరు చెప్పలేం, కులం అంతకన్నా చెప్పలేం. ఈ పొరపాటు వల్లే బడిలో, ఉద్యోగాల్లో, సినిమాల్లో ఎందరో తలవంచుకోవాల్సి వచ్చింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. యాసను సాక్ష్యంగా వాడాలంటే ముందు అది తప్పు భాష అన్న భావన వదులుకోవాలి. లేకపోతే పెద్దవాళ్లు కొత్తవాళ్ల ముందు మాట దిద్దుకుంటారు. దిద్దుకున్న మాటలో వాళ్ల ఊరు ఉండదు.

వంశం సంగతి ఇప్పుడు చెప్పుకోవచ్చు. 2009లో ‘నేచర్’ పత్రికలో జన్యుశాస్త్రవేత్త డేవిడ్ రైక్, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వైశ్యుల నమూనాలున్నాయి. రెండు మూడు వేల ఏళ్లుగా ఈ సముదాయం బయటివాళ్లతో దాదాపు కలవకుండా పెళ్లిళ్లు చేసుకుందని రైక్ అంటారు. అంత పాత జన్యు బంధమున్నా, కరీంనగర్ కోమటింట్లో వినబడేది కరీంనగర్ తెలుగే, నెల్లూరు కోమటింట్లో వినబడేది నెల్లూరు తెలుగే. అదే కరీంనగర్ వీధిలో, రక్తసంబంధం ఏమీ లేని రెండు ఇళ్లలో క్రియల ముగింపులు ఒక్కలాగే ఉంటాయి. మాట నేలను అనుసరిస్తుంది, నెత్తుటిని కాదు. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక కోస్తా నుంచి బోధన్ వైపు వచ్చిన రైతులు, తుంగభద్ర నీళ్ల కోసం సింధనూరు, గంగావతి క్యాంపులకు వెళ్లినవాళ్లు దీనికి ఇంకో రుజువు. రెండు మూడు తరాల్లో మనవల మాటలో స్థానిక తెలుగు, కన్నడం కలిసిపోతూ ఉంటాయి. మనవలు మారినంత మాత్రాన తాతలు మారరు కదా.

మాట ఎంతవరకు చెప్పగలదన్న గీత ఎక్కడ గీయాలన్నది కేవలం పండితుల చర్చ కాదు. ఆశ్రయం కోరి ఐరోపా చేరిన శరణార్థులు నిజంగా తామన్న దేశం వాళ్లేనా అని కొన్ని ప్రభుత్వాలు 1990ల నుంచి వాళ్ల యాసను రికార్డు చేసి పరీక్షించడం మొదలుపెట్టాయి. తప్పుడు తీర్పు వస్తే మనిషిని వెనక్కి పంపేస్తారు. అందుకే 2004లో పలు దేశాల భాషాశాస్త్రవేత్తలు కలిసి మార్గదర్శకాలు రాశారు. మనిషి ఏ సమాజంలో మాట నేర్చాడో భాష చెప్పగలదు గానీ అతని పౌరసత్వం చెప్పలేదని, ఆ తీర్పును భాషాశాస్త్రవేత్తకు అప్పగించకూడదని వాటి సారాంశం. ప్రాణాల మీదికి వచ్చిన చోట నిపుణులు ఇంత జాగ్రత్త పడుతుంటే, మన ఊళ్లో ఒకరి నోటి మాట విని వంశం తేల్చేసే ధైర్యం ఎవరికీ ఉండకూడదు.

కాబట్టి తమ ఊరిని వెతుక్కునేవాళ్లు మాటను ఒంటరిగా నిలబెట్టకూడదు. ఇంటిపేర్లు చాలావరకు ఊరి పేర్లే. తమిళనాడులో కాగితాల మీద కనిపించకపోయినా, పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఇప్పటికీ ఇంటిపేరు అడుగుతారు. ఆ పేరుకు, కులదైవం ఉన్న ఊరికి, ఇంట్లో వాడే పిలుపులకు ఒకే దిక్కు కుదిరితే దాదాపు దారి దొరికినట్టే. కుదరకపోతే అదీ సమాచారమే: మధ్యలో ఎక్కడో కుటుంబం ఆగిందని, లేదా ఒక తల్లి వేరే సీమ నుంచి వచ్చిందని అర్థం. ఇంటిపేరు తండ్రి వైపు దారి చూపిస్తుంది, మాట ఎక్కువగా తల్లుల దారి చూపిస్తుంది. ఆడవాళ్ల పేర్లు వంశవృక్షాల్లో చాలా తక్కువగా ఉంటాయి, వాళ్లు వచ్చిన ఊళ్లు అసలే ఉండవు. ఆ లోటు తీర్చగల ఆధారం ఇంటి మాట ఒక్కటే, దాన్ని మనం రాసిపెట్టుకోలేదు.

టీవీ, బడి, పట్నం కలిసి పిల్లల తెలుగును ఒకే తీరుకు తెస్తున్నాయి. ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లున్న ఆడవాళ్లు పోతే చాలా ఇళ్లలో ఈ సాక్ష్యం పోయినట్టే. మీ ఇంట్లో అలాంటి పెద్దావిడ ఉంటే ఈ నెలలోనే ఫోనులో రికార్డింగు పెట్టి ఓ గంట మాట్లాడించండి. ప్రశ్నలు అడిగి మాటలు చెప్పమంటే ఆవిడ దిద్దుకుని చెబుతుంది. వంట గురించో, పొలం గురించో, పెళ్లి నాటి తగవు గురించో తన ధోరణిలో చెప్పుకుపోనివ్వండి. మధ్యలో ఆపి సరిచేయకండి. రికార్డింగు మొదట్లోనే ఆవిడ పుట్టిన ఊరు, వాళ్లమ్మ పుట్టిన ఊరు, వాళ్లమ్మమ్మ పుట్టిన ఊరు పేర్లు అడిగి చెప్పించండి.